అడుగు గొంతు

మస్తానయ్య కొడుకు పెంచలకృష్ణ లోపలికి వెళ్ళి ఎంతసేపయిందో జయశీలకు తెలియడం లేదు. వాచీ ఇంట్లో కుట్టుమిషను మీదే ఉండిపోయింది. రోడ్డుకు అవతల మస్తానయ్య ఇంటి ముందు నీలం షామియానా, దాని కింద ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల్లో మగవాళ్ళు, వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి నల్లటి వైరొకటి గడప దాటి వసారాలో ఉన్న ఫ్రీజర్ బాక్సు దాకా పోతోంది. రోడ్డుకు ఇవతల పాలకేంద్రం అరుగు మీద తాము పదకొండుమంది, తెల్లచీరలు, తెల్లచొక్కాలు, ఒళ్ళో పాటల పుస్తకాలు. మైకులో గీతాశ్లోకాలు మోగుతున్నాయి. వాటి కింద దూరంగా వరికోత మిషను చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. ఎవరి చేనో కోస్తున్నారు. మస్తానయ్య చేను కూడా ఈ వారంలోనే కోయాలి, ఎవరు కోయిస్తారు, కొడుకే కోయిస్తాడు, ఇంకెవరు. వచ్చీ రాగానే క్వయర్ పెద్ద కిషోర్ బాబు చెప్పులు విడిచి, రోడ్డు దాటి, పెంచలకృష్ణ భుజం మీద చెయ్యేసి అడిగాడు, "ఒక్క పాటేనప్పా. లేపే ముందర ఒక్క పాట పాడి పోతాం. నలభై నాలుగేండ్లు మాతో పాడినాడు మీ నాయన." పెంచలకృష్ణ కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నాకేం లేదన్నా. పెద్దోళ్ళని ఒక మాట అడిగొస్తా. అందాకా ఆ అరుగు మీద నీడన కూసోండి" అన్నాడు. కూర్చున్నారు. ఇంకా కూర్చునే ఉన్నారు.

పొద్దున ఆరింటికి కెజియా ఫోన్ చేసినప్పుడు తను ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. "అక్కా, మస్తానయ్య పెదనాయన పోయినాడంట" అని ఆ పిల్ల ఏడుస్తూ ఉంటే, "ఎప్పుడంట?" అని అడిగింది, "తెల్లారుజామున" అంటే "సరే" అంది. ఫోన్ పెట్టేసి మిగిలిన నాలుగు హుక్కులూ కుట్టింది. దారం కొరికింది. టీ పెట్టుకుని తాగింది, చక్కెర వెయ్యలేదని సగం తాగాక తెలిసింది. స్నానం చేసి, తెల్లచీర ఇస్త్రీ చేసుకుంటూ, ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురు చూసింది, ఏడుపు కోసం. రాలేదు. వాకాడు నుంచి ఆటోలో వస్తూ ఎదురు చూసింది. ఒకే కాలి మీద చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది, గిల్లినా అది ఎవరి కాలో అనిపిస్తుంది, లేచి నిలబడితే తప్ప నొప్పి తెలియదు. తను ఇంకా లేచి నిలబడలేదేమో. పక్కన కెజియా ముక్కు చీదుకుంటోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, క్వయర్‌లో చేరి నాలుగేళ్ళు కాలేదు, ఆ పిల్లకు అంత ఏడుపొస్తుంటే ముప్పై మూడేళ్ళు ఆయన ముందు నిలబడిన తనకు రోడ్డు మీద పేడకడి, దాని మీద ఈగలు, అవి మాత్రమే కనిపిస్తున్నాయి.

షామియానా గుంజకు ఫ్లెక్సీ కట్టారు. పూలదండ బొమ్మ మధ్య మస్తానయ్య ఫోటో, ఆధార్ కార్డుదో ఏమో, బిగుసుకుపోయిన ముఖం. చూస్తే ఎవరో కొత్త మనిషిలా ఉన్నాడు. అవును మరి, ఆ ముఖాన్ని తను ఎప్పుడు చూసింది గనక. ఆయన ఎప్పుడూ వెనక వరుస. తను ముందు వరుస, ఎడమ నుంచి మూడు. తనకు తెలిసింది ఆయన మెడ, పదహారు అంగుళాలు. భుజం పద్దెనిమిదిన్నర. చెయ్యి ఇరవై నాలుగు. మూడేళ్ళకోసారి క్వయర్‌కి తెల్లచొక్కాలు కుట్టేది తనే. టేపు పట్టుకుంటే ఆయన ఊపిరి బిగబట్టి పైకి చూసేవాడు, దూలాలు లెక్కబెడుతున్నట్టు. కిందటి సారి ఛాతీ రెండంగుళాలు తగ్గింది. "చిక్కినావే మస్తానన్నా" అంది. "ఎండకమ్మా" అన్నాడు. అంతే. ముప్పై మూడేళ్ళలో వాళ్ళిద్దరూ మాట్లాడుకున్న మాటలన్నీ ఒకచోట చేరిస్తే పోస్టుకార్డుకు ఇటువైపు చాలు. కానీ ఆయన గొంతు తన వీపుకు తెలుసు. చెవికి కాదు, వీపుకే. జాకెట్టు ముడి దగ్గర, వెన్నెముక పక్కన, పాట మొదలైన క్షణాన సన్నగా ఒక అదురు పుట్టేది, అది పుట్టాకే తన నోట్లోంచి స్వరం వచ్చేది. ఆ అదురు లేకపోతే నేల లేనట్టే. దాన్ని ఏమంటారో తనకు తెలియదు. ఇంట్లో మొగుడున్నాడు, మంచివాడు, నాయుడుపేటలో ఆటో నడుపుతాడు, అది వేరు. ఇది దానితో పోల్చేది కాదు, దేనితోనూ పోల్చేది కాదు.

వరుసలు అట్లా నిలబెట్టింది పరంజ్యోతి అయ్యవారు. తను ఆయన్ని చూడలేదు, చర్చి గోడ మీది ఫోటోలో తలపాగా మాత్రం తెలుసు. తొంభై ఏళ్ళ కిందట మిషన్ బడిలో అయ్యవారు, ఒక దొరసాని దగ్గర సరిగమల్లాంటి డ ర మ అక్షరాలతో నాలుగు గొంతుల పాట నేర్చుకుని, కాలువ గట్టు వెంబడి ఐదూళ్ళు నడిచి మనుషుల్ని పోగు చేశాడట. పట్టపుపాలెం మగవాళ్ళది అలల మీద కేకేసి పిలిచే గొంతు గనక వాళ్ళను మూడో గొంతుకు పెట్టాడు. నాట్లేసే ఆడవాళ్ళు నడుం వంచి పాడతారు, వాళ్ళ పాట పొట్టలోంచి వస్తుంది, వాళ్ళు రెండో గొంతు, తనదీ అదే. బడిలో చదివే ఆడపిల్లలు మొదటి గొంతు. బాస్‌కు మాత్రం, అంటే అన్నిటికన్నా కిందుండే నాలుగో గొంతుకు, ఆయన అడుగు గొంతు అని పేరు పెట్టాడు, అది దొరకడం అడుగున మంచినీళ్ళు దొరకడం లాంటిదనీ తవ్వితే తప్ప తెలియదనీ అనేవాడట. ఈ సంగతులన్నీ కిందటి నెల కిషోర్ బాబు నోటుపుస్తకం పట్టుకుని తన ఇంటికొచ్చి రాసుకున్నాడు. తొంభై ఏళ్ళ పండక్కి చరిత్ర అచ్చేస్తారట. మద్రాసు రేడియోలో పాడిన ఏడు, కాలువ మీద పడవలో పాడుకుంటూ తడ ఊరి దాకా పోయిన ఏడు, తుపాను తర్వాత ఒకే రోజు ఏడు సమాధుల దగ్గర సాగనంపు పాట పాడిన ఏడు, చివరి సమాధి దగ్గర ఎవరికీ గొంతు లేక పెదవులు మాత్రమే కదిలాయని అమ్మ చెప్పేది. ఆ పాట అయ్యవారే కట్టాడు, పోయిన పడవవాడి కోసం. అప్పట్నించీ ఈ తీరంలో ఏ క్రైస్తవుడు పోయినా మట్టి వేసే ముందు ఆ పాటే. ఇరవై నాలుగు మంది ఉండేవాళ్ళట అప్పుడు. ఇప్పుడు పన్నెండు. కాదు, పదకొండు.

"ఇంకా ఎంతసేపంట?" ఎవరో అన్నారు. అవతలి నుంచి ఒకతను టీ గ్లాసుల పళ్ళెం తెచ్చి అరుగు చివర పెట్టి పోయాడు, కాగితం గ్లాసులు. తీసుకుంది. వేడి వేళ్ళకు తెలిసింది, అంతకన్నా లోపలికి పోలేదు.

మస్తానయ్య చేరిన కథ సుశీల్ కుమార్ గారు వందసార్లు చెప్పి ఉంటారు, ఆయన అయ్యవారి కొడుకు, హెడ్మాస్టరు, తనకు పాట నేర్పింది ఆయనే. చర్చి వెనక గోడకు ఆనుకునే మస్తానయ్య వాళ్ళ చేను. ఎనభై రెండులో ఒక శనివారం సాయంత్రం ప్రాక్టీసు. బాస్ పాడే ఇద్దరూ శ్రుతి జారుతూనే ఉన్నారట, సుశీల్ కుమార్ గారు బల్ల మీద కొట్టి కొట్టి విసిగిపోయి ఆపేశారట. అందరూ ఆపినా ఆ అడుగు స్వరం మాత్రం ఆగలేదు, కిటికీలోంచి వస్తోంది, సరిగ్గా. ఆయన కిటికీ దగ్గరికి పోయి, "ఎవురబ్బా ఆ గట్టు మీద?" అంటే, "నేనయ్యా, మస్తానయ్యని. మడికి నీళ్ళు కట్టుకుంటుండా" అన్నాడట. "ఇంకోసారి పాడు." "తప్పయిపోయిందయ్యా, ఊరికే..." "తప్పు గాదబ్బా. నువ్వు పాడేదే ఒప్పు. లోపల మావోళ్ళు పాడేదే తప్పు." పార గుమ్మం పక్కన ఆనించి, బురదకాళ్ళు గడ్డికి తుడుచుకుని లోపలికొచ్చాడు. అప్పట్నించీ శనివారాలు ఆయన పార అక్కడే ఉండేది. ప్రార్థన మొదలైతే మెల్లగా బయటికి పోయి సైకిలు దగ్గర నిలబడేవాడు, పాట దగ్గరికి లోపలికొచ్చేవాడు. రమ్మని ఎవరూ పట్టుబట్టలేదు, పొమ్మని ఎవరూ అనలేదు. కసుమూరు దర్గా మొక్కుతో పుట్టినవాడు గనక ఆ పేరు. ఏటా పెంచలకోనకు కొండ నడిచేవాడు, గోవిందా గోవిందా అని అరిచి వచ్చి మర్నాడు ప్రాక్టీసులో గొంతు బొంగురుపోయి తలవంచుకు కూర్చునేవాడు. సుశీల్ కుమార్ గారు "ఏం మస్తానయ్యా, మీ నరసింహస్వామి మా బాస్‌ని దగ్గర పెట్టుకున్నాడా?" అంటే అందరూ నవ్వేవాళ్ళు, ఆయన కూడా. అప్పుడు అట్లా నవ్వుకునేవాళ్ళు.

చరిత్రలో పేరు వేద్దామంటే మాత్రం ఒప్పుకోలేదు. కిషోర్ బాబు నోటుపుస్తకం తీసుకుని పోతే, చేతులడ్డం పెట్టి, "నా పేరు ఎయ్యబోకబ్బా. మా అన్న చూస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు. బాస్ ఒకరు అని రాసుకో, చాల్లే" అన్నాడట. హాజరు పుస్తకంలోనూ అంతే, తను చూసింది, ఎనభై రెండు నుంచి ఇప్పటిదాకా సంతకాల కింద చివరి గడిలో ఎప్పుడూ ఒకటే, బాస్ ఒకరు, బాస్ ఒకరు. ఆ అన్న ఇప్పుడు లోపలున్నాడు. ఎనభై దాటినవాడు. పెంచలకృష్ణ ఆయన్నే అడగాలి.

ఏడుపు రాకపోవడం ఇది మొదటిసారి కాదు. పదకొండేళ్ళ కిందట అమ్మ పోయినప్పుడు కూడా ఇట్లాగే. క్వయర్ వచ్చింది, తన ఇంటి ముందే నిలబడింది, తనూ వెళ్ళి ముందు వరుసలో, ఎడమ నుంచి మూడు, తన చోట నిలబడింది, అలవాటు. పాట మొదలైంది. తన నోరు తెరుచుకోలేదు. పక్కనున్న ఇద్దరు ఆడవాళ్ళు తన వంతు కూడా పాడటానికి తంటాలు పడుతుంటే, వెనక నుంచి ఆ అడుగు గొంతు కొంచెం పెరిగింది. మరెవరికీ తెలియనంత. పక్కవాళ్ళ మోచేయి కింద చెయ్యి వేసి లేపినట్టు. తను పాడలేదు, కానీ పడిపోలేదు. పాటంతా అట్లా పట్టుకుని ఉన్నాడు. తర్వాత దాని గురించి ఆయన ఒక్కమాట అనలేదు, తనూ అనలేదు. ఆ పైవారం కలిసినప్పుడు, "చొక్కా మెడకాడ బిగువుగా ఉందమ్మా" అన్నాడు. విప్పి అరంగుళం వదులు చేసిచ్చింది. ఆ కుట్టు విప్పేటప్పుడు ఏడ్చింది, గుర్తుంది, అమ్మ కోసం. ఇప్పుడెవరి చొక్కా విప్పాలి.

షామియానా కింద కదలిక. పెంచలకృష్ణ రోడ్డు దాటి వస్తున్నాడు. ముఖం చూడగానే అందరికీ తెలిసిపోయింది, అయినా లేచి నిలబడ్డారు. "ఏమనుకోబోకండన్నా. మా పెదనాయన ఒప్పుకోలా. మన ఆచారం గాదంటుండాడు. పాడితే కొరివి కాడికి రానంటుండాడు. నేనేం చేసేది?" కిషోర్ బాబు ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని, "సర్లేప్పా. నువ్వు బాధపడబాక. మీ నాయన్ని సక్కంగా సాగనంపు" అన్నాడు. కెజియాకు ఉక్రోషం ఆగలేదు. "ఇదేందన్నా, నలభై నాలుగేండ్లు మనందరి సావులకీ వచ్చి పాడినాడు గదా ఆయన! ఆయనకొక్క పాట లేదా?" "ఊరుకో మే. సావింటి ముందర" అన్నాడు కిషోర్ బాబు. లేపేదాకా కూర్చుని పోదామనుకున్నారు. మళ్ళీ అరుగు. ఇవన్నీ జయశీల అద్దం అవతల జరుగుతున్నట్టు చూసింది. కోపం కూడా రాలేదు. కోత మిషను ఆగింది, బహుశా మడి మారుతోంది, మళ్ళీ మొదలైంది.

"జయశీలక్క అంటే ఎవురు?" తల తిప్పి చూసింది. పాలకేంద్రం పక్క సందులోంచి వచ్చిన పిల్ల, పెంచలకృష్ణ పెళ్ళాం బిందు, నెత్తి మీద కొంగు. "మా అత్త పిలస్తా ఉండాది. దొడ్డి దోవన రమ్మంది. నువ్వొక్కదానివే." లేచింది. రోడ్డు దాటి, ప్రహరీ పక్కన సందులోంచి, గడ్డివామి వెనగ్గా దొడ్లోకి. మస్తానయ్య భార్య వెంకటశేషమ్మను తలకు నీళ్ళు పోయడానికి అక్కడికి తెచ్చినట్టున్నారు. బోరు దగ్గర తొట్టి పక్కన రాతి మీద తడిచీరతో కూర్చుని ఉంది, జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. "మీరు పోండి మే, ఒక నిమిషం" అని చుట్టూ ఉన్న ఆడవాళ్ళను పంపేసింది. ముప్పై మూడేళ్ళలో ఈ మనిషిని తను ఎదురుగా చూసింది నాలుగైదు సార్లు. ఏమని పిలవాలో తెలియలేదు, నోటికొచ్చింది. "వదినా."

"కూసో జయశీలా. నిన్నొక మాట అడగతా, చెప్పు. ఆయన మడికి నీళ్ళు కట్టేటప్పుడు ఒకటి పాడుకుంటా ఉంటాడు. నీరూ... నీరూ... చేరూ... అని. అంతే, ఇంకేం ఉండదు దాంట్లో. నాకు పెండ్లయిన కాణ్ణించి వింటుండా. నీళ్ళ పాట గామాల అనుకుంటి. నిన్న సందేళ మంచం మీద గూడా అదే అనుకున్నాడు. అది మీదేనా?"

"మాదే వదినా."

"ఏం పాట అది?"

చెప్పాలా వద్దా అని ఆలోచించేంత తెలివి కూడా లేదు అప్పుడు. "సాగనంపే పాట. మనిషి పోయినప్పుడు పాడతాం."

వెంకటశేషమ్మ తడిజుట్టు వెనక్కి తోసుకుంది. "అయితే నా మొగుడు నలభై ఏండ్లు మా మడికి సావుపాట పాడినాడా!" పెదవి ఒక పక్కకు వంగింది, నవ్వే. "పంట బాగానే వచ్చిందే." కొంగుతో ముఖం తుడుచుకుంది. "పూర్తిగా ఎట్టుంటదో ఒకసారి చెప్పు. మెల్లంగా. వాళ్ళకి ఇనపడకుండా."

జయశీల గొంతు సవరించుకుంది. కాలువ నీరు కడలికి చేరు, కాలము తీరి నీ దరి చేరు. లోగొంతుతో, సన్నగా, గొడ్లచావిడి వైపు చూస్తూ పాడింది. సగంలోనే వెంకటశేషమ్మ తల అడ్డంగా ఊపింది. "ఇది గాదే. ఆయనది ఇట్టా ఉండదు."

"ఇది నా గొంతు వదినా. పాటంటే నాలుగు గొంతులు కలిస్తే. అసలు వరస కెజియా అని ఆ పిల్ల పాడేది. నాకు నాదే వచ్చు. ఆయనకి ఆయనదే. మేమిద్దరం కింద మోసేవోళ్ళం."

"ఆయనది నాకొచ్చు" అంది వెంకటశేషమ్మ.

పాడింది. నీరూ. ఆడమనిషి గొంతు గనక ఎత్తు వేరు, కానీ దిగాల్సిన చోట దిగింది, ఆగాల్సిన చోట ఆగింది. నీరూ. రెండోసారి ఆ మాట మధ్యలో ఊపిరి తీసుకుంది, నీ అని ఆగి, రూ. అక్కడ తీసుకోకూడదు. సుశీల్ కుమార్ గారు పోయేదాకా చెప్పీ చెప్పీ అలిసిపోయిన తప్పు అది, మాట మధ్యలో ఊపిరేంది మస్తానయ్యా, మాట తెగుతుంది, అనేవారు. ఆయన సరేనయ్యా అని మళ్ళీ అక్కడే తీసుకునేవాడు. ఆ ఊపిరిని ఈమె చేనుగట్టు మీద నిలబడి, అన్నం క్యారేజీ చేత్తో పట్టుకుని, తప్పని తెలియక, పాటలో భాగమే అనుకుని నేర్చుకుంది. జయశీల తన గొంతు దాని మీద పెట్టింది. పాట కాలేదు. మొదటి గొంతు లేదు, మూడోది లేదు, కప్పు లేని ఇంటిలా రెండు గోడలు. అయినా నిలబడింది. కాలిలోకి రక్తం దిగుతున్నట్టు ఎక్కడో సన్నగా పొడవడం మొదలైంది, ఎక్కడో తెలియదు.

"అత్తా, లేపతుండారు. రమ్మంటుండారు" బిందు గుమ్మంలోంచి పిలిచింది. మైకు ఆపేశారు. ముందు వైపు తప్పెట్లు కాచే చప్పుడు, మంట మీద చర్మం బిగిసి టక్కుటక్కుమంటోంది.

వెంకటశేషమ్మ లేచింది. పాట ఆపలేదు. తడి చీర ఈడ్చుకుంటూ, గోడ పట్టుకుని, నడవలోకి నడిచింది, నీరూ, వంటింటి గుమ్మం దాటింది, నీ... రూ, నడిమింటి గుమ్మం దాటింది. జయశీల వెనకే వెళ్ళి నడవ మొదట్లో ఆగిపోయింది. దొడ్డి గుమ్మం నుంచి వీధి గుమ్మం దాకా తిన్నగా కనిపిస్తోంది, వసారాలో పాడె, దాని చుట్టూ మగవాళ్ళు, వాళ్ళ మధ్య కర్ర ఊతంగా ఆయన అన్న, ఆ వెనక ఎండ, రోడ్డు, పాలకేంద్రం అరుగు. వెంకటశేషమ్మ పాడె పక్కన కూలబడి, ఆయన పాదాల మీద చెయ్యి వేసి, పాడుతూనే ఉంది, మొదటికొచ్చి మళ్ళీ, గొంతు పెంచి, చేరూ అన్నచోట సాగదీసి. చుట్టూ ఆడవాళ్ళు ఒక్కసారి గొల్లుమన్నారు. ఎవరో చిన్నవాడు ఆమె భుజం పట్టి లేపబోయాడు. రోడ్డుకు అవతల అరుగు మీద కిషోర్ బాబు చటుక్కున లేచి నిలబడ్డాడు, ఆ పక్కన కెజియా, ఆ పక్కన ఒకరి తర్వాత ఒకరు అందరూ. అది ఏ పాటో వాళ్ళకు తెలిసింది. ఈ ఇంట్లో ఇంకెవరికీ తెలియలేదు.

జయశీల నడవ గోడకు ఆనుకుని, నోరు తెరిచి, తన వరస అందుకుంది. పక్కనున్న ఎవరో ముసలమ్మ ఆమె వీపు మీద చెయ్యి వేసి నిమిరింది, ఊరుకో తల్లీ అన్నట్టు. రెండు గొంతులూ నడిమింటికి ఈ చివరా ఆ చివరా, శోకాల మధ్యన, తప్పెట్లు మొదలయ్యేదాకా.

"లేపొద్దురా ఆమెని" అన్నాడు మస్తానయ్య అన్న, కర్రతో ఆ చిన్నవాణ్ణి పక్కకు జరుపుతూ. "ఏడవనీండి. ఎవురూ ఆపబోకండి, ఏడవనీండి."